ఈ జీపుకి వెనక బ్రేకులు లేవు

ఆగిరిపల్లి
24-4-84

బావకి,

నేను బతికే ఉన్నాను. ఈ ముక్క అన్నిటికంటే ముందు రాయమంది మీ చెల్లెలు. మొన్న శనివారం నూజివీడు మామిడి యార్డులో జరిగిన భాగోతం ఆ నోటా ఈ నోటా కొత్తగూడెం దాకా వచ్చేసుంటుందని సీత భయం.

నా జీపులో వెనక చక్రాలకి పోయే బ్రేకు పైపు తుప్పుపట్టి కారుతోంది. శుక్రవారం పొద్దున్నే నూజివీడు బస్టాండు వెనక సువర్ణరాజు షెడ్డుకి తీసుకెళ్ళా. ఆ రోజు గుడ్ ఫ్రైడే. "ఇవాళ పని పెట్టుకోలేదండీ, పన్నెండింటికి ప్రార్థనకి పోవాలి" అన్నాడు. "రేపు నాకు కోత. పన్నెండు దాకా చెయ్యవయ్యా, దేవుడేమన్నా బస్సా వెళ్ళిపోడానికి?" అని కదలకుండా కూర్చున్నా. పాత పైపు విప్పాడు. చర్చి గంట కొట్టారు. "నేనొచ్చేదాకా దేనిమీదా చెయ్యి వెయ్యకండి" అని పోయాడు. మూడు దాటాక వచ్చి కొత్త పైపు బిగించాడు. ఈలోపు విప్పిన చోట ఆయిలు చుక్కలు చుక్కలుగా కారిపోతుంటే ఆపి కాపలా కాసింది ఎవరు? నేను.

శనివారం బంగినపల్లి గంపలు ట్రైలరు నిండా ఎత్తుకుని యార్డుకి పోయా. గేటు దాటగానే దిగుడు ఉంటుందిగా. బ్రేకు తొక్కా. ముందు చక్రాలు పట్టుకున్నాయి, వెనకవి పట్టుకోలేదు. ట్రైలరు వెనక నుంచి ఒక్క తోపు తోసింది. జీపు అడ్డం తిరిగి ఎవరివో రసాల కుప్ప మీదుగా పోయి పశువుల నీళ్ళతొట్టిలో కూర్చుంది. దాంట్లో నేను. నెత్తి నుంచి మీసం దాకా మామిడి రసం. మూడు వందల మంది బావా! ఒక్కడు చెయ్యిచ్చి లేపలేదు, పొట్టలు పట్టుకు నవ్వడమే. ఇప్పుడు మనూళ్ళో నేను వీధిలో కనపడితే చాలు, అరుగుల మీది ముసలాళ్ళు కూడా "కీ...చ్" అని బ్రేకు చప్పుడు చేస్తున్నారు.

ఈ చుట్టుపక్కల నవ్వించేవాణ్ణి నేను. నన్ను చూసి నవ్వడమేంటి? ఈ సీజను అయ్యేలోపు సువర్ణరాజు షెడ్డుకి తాళం వేయించకపోతే నా పేరు లక్ష్మీనరసింహారావే కాదు.

ముందు జీపు సంగతి చెప్పు. పెడలు రాయిలా గట్టిగా ఉంది. వెనక చక్రాలు జాకీ మీద లేపి తొక్కిస్తే గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. నువ్వు బొగ్గు లారీలు బాగుచేసే పెద్ద మెకానిక్కువి, నేను ఆరో క్లాసులో నీ పక్క బెంచీ మీంచి లేచిపోయినవాణ్ణి. నా బుర్రకి ఎక్కేలా రాయి.

నీ బావ
లక్ష్మీనరసింహారావు


కొత్తగూడెం
30-4-84

నరసింహారావుకి,

నీ ఉత్తరం తొట్టి దాకా చదివి, నవ్వాపుకోలేక కాగితం ప్రమీలకిచ్చాను. అది చదివి ఇప్పటికీ వంటింట్లో నవ్వుతోంది. నువ్వు కోప్పడకు. ముసునూరులో మా పెళ్ళినాడు పెళ్ళికొడుక్కి చెముడని ఆడపెళ్ళివారికి చెప్పిందెవరు? మూడు రోజులు మా అత్తగారు నా చెవిలో నోరు పెట్టి "అన్నం తిన్నావా నాయనా" అని అరిచింది. పీటల మీద పురోహితుడు కూడా మంత్రాలు నా చెవి దగ్గరికొచ్చి అరిచి చదివాడు. ఇరవై రెండేళ్ళయింది. ముసునూరులో ఇప్పటికీ కొందరు నాతో సైగలతో మాట్లాడతారు.

ఇక జీపు. బాగయ్యేదాకా దాన్ని నడపకు. సీతని ఎక్కించుకుని రోడ్డెక్కావని తెలిస్తే నేనే వచ్చి నీ కాళ్ళు విరగ్గొడతాను.

పైపు విప్పి బిగిస్తే లోపలికి గాలి దూరుతుంది. గాలి ఉంటే పెడలు మెత్తగా దిగబడుతుంది. నీది రాయిలా ఉందంటున్నావు, అదే వింతగా ఉంది. అయినా ముందు గాలి తీసి చూడు. పెడలుకి అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టు. చక్రం వెనక చిన్న నిపిల్ ఉంటుంది. దానికి సన్న రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొస ఆయిలు పోసిన సీసాలో ముంచు. ఒకళ్ళు పెడలు తొక్కి పట్టాలి. నువ్వు నిపిల్ వదులు చేస్తే ఆయిలూ బుడగలూ వస్తాయి. నువ్వు మళ్ళీ బిగించాకే వాళ్ళు పెడలు వదలాలి. తొక్కేవాళ్ళు నీ మాట వినేవాళ్ళయి ఉండాలి, కాబట్టి మా చెల్లెలు పనికిరాదు.

రెండు సంగతులు రాయి. సువర్ణరాజు గాలి తియ్యకుండానే బండి ఎలా ఇచ్చాడు? కారే ఆయిలు నువ్వు దేంతో ఆపావు?

బసవపున్నారావు


ఆగిరిపల్లి
7-5-84

బావకి,

నీ మాట ప్రకారం గాలి తియ్యబోయాం. తొక్కింది మీ చెల్లెలే, వేరే గతి లేదు. నేను జీపు కింద వెల్లకిలా.

"తొక్కు."

"తొక్కా."

"వదలకు."

"వదల్లేదు."

"ఇప్పుడు వదులు."

"ఏది వదలమంటారు, పెడలా, మిమ్మల్నా?"

ఇలా గంటన్నర. చివరికి సీత పెడలు మీద కాలేసి చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చుంది. ఫలితం ఏమిటంటే, రెండు వెనక చక్రాల నిపిళ్ళూ పూర్తిగా విప్పినా ఒక్క బుడగ లేదు, ఒక్క చుక్క ఆయిలు లేదు. సీసాలో పోసిన ఆయిలు పోసినట్టే ఉంది.

నువ్వడిగినవి. ఆయిలు ఆపింది మామిడిపుల్లతో. జీపులో కోత కొమ్మలున్నాయి, ఒకటి తీసి చాకుతో సూదిలా చెక్కి, ముందు నుంచి వచ్చే పైపు నోట్లో దోపా. ఠక్కున ఆగింది. ఆ బుర్ర నీకుందా? వాడొచ్చే అలికిడి వినపడగానే పీకి పారేశా, వాడికి తెలీనే తెలీదు. గాలి తియ్యాలి గంట పడుతుందన్నాడు. కోతకి మనుషుల్ని పిలుచుకోవాలి నేను. పెడలు తొక్కి చూశా, రాయి. "గాలెక్కడుందయ్యా దీంట్లో" అని ఎక్కి వచ్చేశా. ఇందులో నా తప్పేమన్నా ఉందా చెప్పు.

ఇప్పుడు అసలు కబురు. జీపుని ట్రాక్టరుకి కట్టి లాగించుకుపోయి, సువర్ణరాజు షెడ్డుకి సరిగ్గా ఎదురుగా రోడ్డవతల పెట్టించా. చక్రాలకి రాళ్ళు. వెనక తలుపుకి ఇంత బోర్డు:

"ఈ జీపుకి వెనక బ్రేకులు లేవు. చేసిన చెయ్యి ఎదుటి షెడ్డులో ఉంది. మీ బండికీ చేయించుకోండి."

మూడో తారీఖు నుంచీ రోజూ తొమ్మిదింటి బస్సుకి పోయి, దాని పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటున్నా. షెడ్డు వైపు బండి తిరిగితే చాలు, లేచి దణ్ణం పెట్టి, "బాబూ, ఇంట్లోవాళ్ళకి చెప్పి వచ్చారా?" అంటా. నిన్న ఒకాయన నవ్వాపుకోలేక బండి తిప్పుకుపోయాడు. జనం ఇప్పుడు నా తొట్టి మర్చిపోయి వాడి షెడ్డు చూసి నవ్వుతున్నారు. కడుపు ఎంత చల్లగా ఉందో బావా!

తర్వాత ఏం విప్పాలో రాయి.

లక్ష్మీనరసింహారావు


కొత్తగూడెం
12-5-84

నరసింహారావుకి,

చుక్క రాలేదంటే పెద్ద పనే. చెప్పింది చెప్పినట్టు చెయ్యి, తొందరపడకు.

ముందు వెనక చక్రాలు రెండూ ఊడదియ్యి. డ్రమ్ములు పట్టేసి ఉంటాయి, చెక్క అడ్డం పెట్టి చుట్టూ కొడుతూ ఊడబెరుకు. లోపలి బ్రేకు షూలు తీసి గరుకు కాగితంతో రుద్దు, ఒక్కోదానికి అరగంటకి తక్కువ కాకుండా. తర్వాత వీల్ సిలిండర్లు విప్పి, లోపలి రబ్బర్లు బ్రేకు ఆయిల్లోనే కడిగి, నీడన ఆరబెట్టి మళ్ళీ ఎక్కించు. ఆ తర్వాత ఇరుసు దగ్గరుండే రబ్బరు పైపు తీసి నోటితో ఊది చూడు. ఆయిలు మింగకు. అన్నీ బిగించాక మళ్ళీ గాలి తియ్యి. అప్పటికీ రాకపోతే మొదటినుంచీ ఇంకోసారి చెయ్యి.

ఎండ కదా, తలకి గుడ్డ కట్టుకో. ఆ బోర్డు సంగతి కాస్త ఆలోచించు. మనిషి మీద అంత పగ దేనికి?

ప్రమీల అడిగానని చెప్పమంది. ఎందుకో అదీ నేనూ ఈ వారం అంతా హుషారుగా ఉన్నాం.

బసవపున్నారావు


ఆగిరిపల్లి
23-5-84

బావకి,

తాళం పడింది!

నిన్న పొద్దున నేను కుర్చీ వేసుకునేసరికి సువర్ణరాజు షెడ్డు రేకు తలుపుకి ఇంత లావు తాళం. కిళ్ళీకొట్టు సాంబయ్య చెప్పాడు, నాలుగు రోజులుగా ఒక్క బండి రాలేదట, చాట్రాయి పోయి మామిడి లారీలకి గంపలెత్తుతున్నాడట. ఇరవై రోజుల్లో పని ముగించా. సీజను ఇంకా మిగిలే ఉంది.

నీ పని మాత్రం నా ప్రాణం తీసింది. రోడ్డు పక్కన ఎండలో డ్రమ్ములు ఊడబెరికి రెండు గోళ్ళు ఊడగొట్టుకున్నా. షూలు రుద్ది రుద్ది భుజాలు పోయాయి. రబ్బరు పైపు ఊదితే ఆయిలు నోట్లో పడి రెండు పూటలు అన్నం సయించలేదు. అంతా బిగించి మీ చెల్లెల్ని బస్సులో తీసుకొచ్చి తొక్కించా, చుక్క లేదు. నువ్వన్నట్టే మొదటినుంచీ ఇంకోసారి చేశా. చుక్క లేదు.

మధ్యలో ఒకరోజు సువర్ణరాజే రోడ్డు దాటి వచ్చాడు. నా చుట్టూ పదిమంది ఉన్నారు.

"నరసింహారావు గారూ, బండి ఓసారి నన్ను చూడనివ్వండి. నా చేతి తప్పయితే ఈ బోర్డు నేనే పట్టుకుని నిలబడతాను" అన్నాడు.

"ఇంకోసారి నీ చేతికిస్తే ఈసారి తొట్టి కాదు, పెద్ద చెరువులో పడతా" అన్నా. అందరూ ఘొల్లుమన్నారు. వాడు నవ్వలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మీ చెల్లెలికి ఇది చెప్పా. "ఆయన చూస్తానంటే మీకెందుకంత భయం?" అంది. నాకు భయమేంటి?

నిన్న మాత్రం ఆ తాళం ఎదురుగా సాయంత్రం దాకా కూర్చుంటే తోచలేదు. ఎవరూ ఆగలేదు, నవ్వేవాళ్ళు లేరు. జీపు సంగతి తొందరగా తేల్చు.

లక్ష్మీనరసింహారావు


కొత్తగూడెం
27-5-84

నరసింహారావుకి,

జీపు అడుగున ఛాసిస్ పక్కన, ముందు నుంచి వచ్చే పాత పైపుకీ సువర్ణరాజు బిగించిన కొత్త పైపుకీ జాయింటు ఉంది. అది విప్పు. పాత పైపు నోట్లో చూడు. సన్న తీగ పెట్టి లాగు.

పుల్ల పీకి పారేశానన్నావు. మొత్తం పీకావా?

నాకు ఇది నీ ఏడో తారీఖు ఉత్తరం చదివినప్పుడే తెలిసింది. పెడలు రాయిలా ఉండి, రెండు చక్రాలకీ చుక్క రాలేదంటే దారి మూసుకుపోయినట్టే. మూసిందెవరో నువ్వే రాశావు. నీకు డ్రమ్ములూ షూలూ అని రాసింది ఇరవై రెండేళ్ళ చెముడికి. నువ్వు ఎండలో మాడుతుంటే ఇక్కడ నేనూ ప్రమీలా నవ్వుకున్నాం. ఒక్క వారం ఏడిపించి అసలు సంగతి రాద్దామనుకున్నాను. వారం రెండు వారాలయింది. బోర్డు సంగతి తెలిసీ, తీస్తావులే అని ఊరుకున్నాను.

తాళం పడిందన్న నీ ఉత్తరం వచ్చాక నవ్వు పోయింది. ఒక్క కార్డు ముక్క రాసుంటే ఆ షెడ్డు మూతపడేది కాదు.

తప్పు నాది కూడా. ఏం చేస్తావో చెయ్యి, కానీ ముందు జాయింటు విప్పు.

బసవపున్నారావు


ఆగిరిపల్లి
3-6-84

బసవపున్నారావుకి,

బావా అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

విప్పా. తీగ పెట్టి లాగా. వడ్లగింజంత ముక్క, ఆయిలు తాగి ఉబ్బి నల్లగా బిగుసుకుపోయి ఉంది. అది బయటపడగానే ఆయిలు నా మొహాన కొట్టింది.

నా రెండు గోళ్ళు, నా వీపు, నా అన్నం, అన్నీ నీ ఖాతాలో రాసిపెట్టా. ముసునూరు పోయి మీ అత్తారి ఊరంతటికీ నీకిప్పుడు చూపు కూడా పోయిందని చెప్తా. నన్నేడిపించుకో, నీకు నేను బాకీ ఉన్నా, సరే. మధ్యలో వాడేం చేశాడు?

నేనేం చేశానో కూడా రాస్తా. పుల్ల పీకినప్పుడే కొస లేదు. చూశా. సువర్ణరాజు నా పక్కనే ఒంగి కొత్త పైపు బిగిస్తున్నాడు. నోటిదాకా వచ్చింది. ఆయిలు తోసేస్తుందిలే అనుకున్నా. తర్వాత తొట్టిలో పడ్డాక, ఆ మాట ఇక నాకు కూడా చెప్పుకోదల్చుకోలేదు. ఆయన చూస్తానంటే భయమెందుకని మీ చెల్లెలు అడిగింది దీని గురించే.

రేపు చాట్రాయి పోతున్నా.

లక్ష్మీనరసింహారావు


కొత్తగూడెం
8-6-84

నరసింహారావుకి,

తిట్టు, పడతాను. చాట్రాయిలో ఏమైందో రాయి. నా పేరు చెప్పావా? నేనూ వచ్చి ఒక మాట అనేవాణ్ణే, కానీ వర్క్‌షాపులో సెలవు దొరికేలా లేదు.

బసవపున్నారావు


నూజివీడు
17-6-84

బావకి,

సువర్ణరాజు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని రాస్తున్నా. చాట్రాయిలో జరిగింది విను.

లారీ మీద గంపలు సర్దుతున్నాడు. కిందికి దిగమని అరచెయ్యి చాపి ముక్క చూపించా. చాలాసేపు చూశాడు.

"ఇదేనా అండీ?"

"ఇదే."

"విరిగినట్టు అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు."

"నేను బిగిస్తుంటే పక్కనే ఉన్నారుగా, మరి చెప్పలేదేం?"

"నవ్వుతావని."

చెమట తుడుచుకుని గంప మీద కూర్చున్నాడు. నూజివీడు సెంటర్లో నిలబడి నీ తప్పేం లేదని అందరికీ చెప్తానన్నా. దండ వేస్తానన్నా.

"వద్దండి. మీరు చెప్తే జనం నవ్వుతారు. భలేవాడు నరసింహారావు అనుకుని వెళ్ళిపోతారు. పేరు మీకు, షెడ్డు మాత్రం నాకు అలాగే మూతపడి ఉంటుంది" అన్నాడు.

"మరేం చెయ్యమంటావు?"

"ఎదురుగా ఇరవై రోజులు కూర్చున్నారు. ఇప్పుడు ఇటువైపు ఇరవై రోజులు కూర్చోండి. వచ్చిన ప్రతి మనిషికీ పుల్ల సంగతి మొదటినుంచీ మీరే చెప్పండి. ఎవ్వరూ నవ్వకూడదు. ఒక్కరు నవ్వినా ఆ రోజు లెక్కలోకి రాదు."

చిన్న పనే అనుకున్నా బావా. ఆరో తారీఖున మొదలుపెట్టా. నేను నోరు తెరవకుండానే మొదటివాడు నవ్వాడు. సువర్ణరాజు లోపల్నుంచి "ఇవాళ పోయిందండీ" అన్నాడు. రెండో రోజు తొట్టి దగ్గర నవ్వారు, మూడో రోజు తొట్టి తీసేస్తే గుడ్ ఫ్రైడే దగ్గర నవ్వారు. దేవుడు బస్సు కాదన్న మాట తీసేశా. చేతులు ఊపడం మానేశా. మీసం కూడా తగ్గించుకున్నా, అది చూసి నవ్వుతున్నారని. నలభై ఏళ్ళు నేను నోరు తెరిస్తే జనం నవ్వాలని చూసినవాణ్ణి. ఇప్పుడు ఒక్కడు పెదవి కదిపితే నా గుండె జారిపోతోంది.

ఐదో రోజు చాట్రాయి ట్రాక్టరాయన వచ్చాడు. నేను నేల చూస్తూ చెప్పా. పుల్ల కొస విరిగింది, నేను చూశా, చెప్పలేదు, నాలుగు వారాలు ఈయన పేరు పాడుచేశా అని. ఆయన నవ్వలేదు. నన్నో చూపు చూశాడు బావా, తొట్టిలో పడ్డప్పుడు మూడు వందల మంది నవ్వినా అంత కాలలేదు. నా పక్క నుంచి లోపలికి పోయి సువర్ణరాజుకి తాళంచెవి ఇచ్చాడు. లెక్కలోకి వచ్చిన మొట్టమొదటి రోజు అదే.

ఇప్పటికి పన్నెండు రోజులు కూర్చుంటే లెక్కలోకి వచ్చినవి ఐదు. షెడ్డులో మూడు బళ్ళున్నాయి. నా జీపుకి నిన్న ఆయనే గాలి తీశాడు. వెనక చక్రాలు పట్టుకుంటున్నాయి. మీ చెల్లెలు ఎక్కి కూర్చుని యార్డు దిగుడు దాకా తీసుకెళ్ళి తొక్కించి, ఆగాక గానీ నాకు అన్నం పెట్టలేదు.

ఇక నీ సంగతి. నీ పేరు నా అంతట నేను చెప్పలేదు. "మీకు జాయింటు విప్పమని చెప్పిందెవరండీ?" అని ఆయనే అడిగాడు. చెప్పా. "ఆయనకి ఎప్పుడు తెలుసు?" అన్నాడు. నీ ఉత్తరాలు రెండూ చేతిలో పెట్టా. పన్నెండో తారీఖుది, ఇరవై ఏడోది. వేళ్ళ మీద లెక్కపెట్టి, లోపలికి పోయి ఇంకో స్టూలు తెచ్చి నా పక్కన వేశాడు.

"మీ బావగారికి పదిహేను" అన్నాడు.

నీ పద్ధతీ నాదే. తెలిసీ చెప్పలేదని నువ్వే నోటితో చెప్పాలి, ఎవ్వరూ నవ్వకూడదు, ఒక్కరు నవ్వినా ఆ రోజు పోయినట్టే. సెలవు ఎలా తెచ్చుకుంటావో నీ ఇష్టం. శనివారానికల్లా రాకపోతే ఆయనే కొత్తగూడెం వస్తానన్నాడు, నీ వర్క్‌షాపు వాళ్ళ ముందు చెప్పడానికి.

వచ్చెయ్యి. నేను పక్కనే ఉంటా, భయపడకు. రోజూ సరిగ్గా సాయంత్రం, షెడ్డు కట్టేసే ముందు, ఒక్కసారి గట్టిగా నవ్వుతా.

నీ బావ
లక్ష్మీనరసింహారావు